నేల లేని నర్సరీ

మాదాపూర్‌లో దిగిన మొదటి మధ్యాహ్నమే మా మీద రాళ్ళు కురిశాయి.

గోదావరి జిల్లా నుంచి లారీలో తెచ్చుకున్న గులాబీ అంట్లు, మందార మొక్కల కవర్లు దించి, నీళ్ళు చల్లి, లారీ నీడన అన్నం విప్పుకున్నాం. గుట్ట మీద ఎవరో ఈల వేశారు. ఎర్రజెండా పట్టుకున్న మనిషి మాకేసి చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. మాకేం తెలుసు? మా ఊళ్ళో ఈల అంటే బస్సు కండక్టరు వేసేదే. అంతలో కాళ్ళ కింద నేల ఎగిరిపడింది. గుట్ట వెనకనుంచి బూడిదరంగు పొగ లేచింది. దాంట్లోంచి కొబ్బరికాయలంత రాళ్ళు పైకెళ్ళి, ఒక్క క్షణం ఆగినట్టు కనపడి, మా మీదకి వచ్చాయి. మా ఆయన నా జబ్బ పట్టుకుని లారీ కిందికి లాగేశాడు. బయటికొచ్చేసరికి అన్నం గిన్నె సొట్టపడి బోర్లా పడి ఉంది. గులాబీల్లో ముందు వరసంతా నుజ్జయిపోయింది.

"గట్లెట్ల కూసున్నరు? ఈల ఇనవడలేదా మీకు?" అంటూ ఒకావిడ కర్ర ఊపుకుంటూ వచ్చింది. ఆ స్థలం ఆవిడదే. మేం కిరాయికి తీసుకున్నది ఆవిడ దగ్గరే. భర్త పోయాడు, పిల్లల్లేరు. ముంజేతుల నిండా పచ్చబొట్లు, నడుముకి కొడవలి. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలిచాను. ఆవిడ నన్ను మొదటిరోజు నుంచే బిడ్డా అంది.

"రోజూ ఇట్టా పేలుస్తారా పెద్దమ్మా?" అని అడిగాను.

"పొద్దుగాల ఒకపారి, పగటీలి ఒకపారి. గుట్టలన్ని తోడి పట్నం కడతరట. అలవాటయితది బిడ్డా."

అది సైబర్ టవర్స్ గోడలు లేస్తున్న కాలం. దాని చుట్టూ బండలు, సీతాఫలం పొదలు, కంకర లారీలు తప్ప ఏమీ లేవు. మా ఆయన ఇంట్లో అన్నదమ్ములు నలుగురికీ నర్సరీ పంచితే ఒక్కొక్కరికి మిగిలింది గట్టు కింద సన్నటి నేలచెక్క. అంట్లు కట్టడంలో ఆయన చెయ్యి మా వైపు పేరున్న చెయ్యి. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా ఇళ్ళు కడుతున్నారని విని, పెళ్ళయిన రెండో ఏడు నన్ను తీసుకుని వచ్చేశాడు. వచ్చేముందు కొబ్బరి ఈనెతో మట్టిలో గీసి చూపించాడు. రోడ్డు వైపు గులాబీలు, కళ్ళకి కనపడాలి కాబట్టి. వాటి వెనక మందారాలు, నూరువరహాలు. చివర అంట్లకి కొమ్మలిచ్చే తల్లిమొక్కలు, బోరు, మా రేకుల గది. ఆ గీతల్ని చూసి నాకు భలే ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఎండాకాలం దాకా కూడా నిలవలేదు. పేలుడు పేలినప్పుడల్లా రాతిపొడి వచ్చి ఆకుల మీద సిమెంటు పూసినట్టు కూర్చునేది. తడిగుడ్డతో ఆకు ఆకునీ తుడిచేదాన్ని. సాయంత్రానికి మళ్ళీ అంతే. గులాబీలు మొగ్గలోనే మాడిపోయాయి. రాతి చెక్కలు నీడ కోసం పైన కట్టిన షేడ్ నెట్‌ని చీల్చుకుంటూ వచ్చి కుండీల్ని పగలగొట్టేవి. ఒకసారి అలాంటి చెక్కే నా భుజం మీద చర్మాన్ని గీరుకుంటూ పోయింది. పైగా కొనేవాళ్ళెవరు? ఆ దారిన పోయేది కంకర లారీలు, కూలీలు. గులాబీలు కొనే జనం జూబ్లీహిల్స్‌లో ఉన్నారు, వాళ్ళకి అక్కడే నర్సరీలున్నాయి. ఒకరోజు మా ఆయన చచ్చిన గులాబీ కుండీల్ని ఒక్కొక్కటే ఎత్తి బండకేసి కొట్టాడు. ఆపబోతే నన్నూ తోసేశాడు. పెద్దమ్మ దూరంనుంచి చూసి, "కొట్టనియ్ బిడ్డా. మనుషుల్ని కొట్టుడుకన్న అది నయమే" అంది.

అన్నీ పగిలాక ఆయన అలసిపోయి కూర్చున్నాడు. అప్పుడు నేనన్నాను, "ఇక్కడ ఇళ్ళు కట్టడం లేదండి. ఆఫీసులు కడుతున్నారు. వాళ్ళకేం కావాలో వాళ్ళనే అడుగుదాం."

మర్నాడు ఇద్దరం ఒక సైటుకి వెళ్ళాం. అక్కడి ఇంజనీరు మమ్మల్ని పైకీ కిందికీ చూసి, "లాన్ వేస్తారా? ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళొస్తున్నారు. వారంలో ఈ రాళ్ళన్నీ పచ్చగా కనబడాలి" అన్నాడు. మా ఆయన "వేస్తామండి" అనేశాడు. మేం అప్పటిదాకా ఎవరికీ లాన్ వేసి ఎరగం. మా ఊరికి ఫోన్ చేసి గడ్డి పలకలు లారీలో తెప్పించాం. కంకర మీద మట్టి పోసి, తొక్కి, పలకలు పరిచాం. వారం గడిచేసరికి ఆ ఎర్రటి నేల మీద తివాచీ పరిచినట్టయింది. అక్కణ్ణుంచి మా ప్లాను మారిపోయింది. పూలు మానేశాం, చివరన మా ఆయన కట్టుకునే అంట్లు తప్ప. లాన్, కంచెకి దురంత మొక్కలు, దుమ్ముకి చావని పామ్‌లు, క్రోటన్లు. ఒక ఆఫీసు చూసి ఇంకొకరు పిలిచేవారు. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడుకున్నాం.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ మరిది కొడుకు మా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో గొలుసు, కొత్త మోటారు సైకిలు. నన్ను అక్కా అనేవాడు, టీ అడిగి తాగేవాడు. మా ఆయన నాటు మొక్కకి కత్తితో గాటుపెట్టి, తల్లిమొక్క కొమ్మని దాంట్లో కూర్చోబెట్టి, టేపు చుట్టేదాకా పక్కన గొంతుక్కూర్చుని చూసేవాడు. "అన్నా, నీ చెయ్యిల ఏందో ఉందే" అనేవాడు. మా ఆయన మురిసిపోయేవాడు. పెద్దమ్మ మాత్రం వాడు వస్తే మా గదిలోకి వెళ్ళిపోయేది.

"ఎందుకు పెద్దమ్మా, మంచివాడేగా?" అంటే,

"భూమి రేటు పెరుగుతున్నకొద్ది వాని ప్రేమ గూడ పెరుగుతుంది బిడ్డా" అంది.

ఒక ఆదివారం వాడు మోటారు సైకిలు మీద కాకుండా సుమోలో వచ్చాడు. ముందు సీట్లోంచి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకున్న ఒక పెద్దమనిషి దిగాడు. వెనక నలుగురు. తెల్ల చొక్కా ఆయన క్రోటన్ ఆకు ఒకటి తెంపి, వేళ్ళ మధ్య నలుపుతూ, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, ఈ జాగ మేం తీసుకున్నం. మీరు పరదేశం నుంచి వచ్చి కష్టపడుతున్నరు, మీతోని మాకు పంచాయితి లేదు. జర సామాను సర్దుకోండ్రి."

"ఎవరమ్మారండి మీకు?" అన్నాడు మా ఆయన.

మరిది కొడుకు నేల చూపులు చూశాడు. పెద్దమ్మ మా గదిలోంచి బయటికొచ్చింది. "వాడమ్మెతందుకు ఇది వాని అయ్య సొమ్మా? నా మొగని వాటా ఇది. పోండ్రి!" అని అరిచింది. తెల్ల చొక్కా ఆయన నవ్వాడు. "పెద్దమనిషివి, నీకు బీపీ వస్తది" అని, నలిపిన ఆకుని నా కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయాడు.

స్టేషనుకి వెళ్ళాం. అక్కడ కూర్చున్నాయన మా మాట పూర్తిగా వినకుండానే, "ఇది సివిల్ మ్యాటరమ్మా, కోర్టుకి పోండి. కొడితే అప్పుడు రండి" అన్నాడు.

బయటికొచ్చాక మా ఆయన నేరుగా నర్సరీకి నడిచాడు. ఆ సాయంత్రం మళ్ళీ మట్టిలో గీతలు గీశాడు. ఈసారి గీసింది మనుషుల్ని ఆపడానికి. చుట్టూ కందకం తవ్వాం. దాని గట్టు మీద బ్రహ్మజెముడు నాటాం. గేటు దగ్గర బండలు దొర్లించాం. నీళ్ళు పెడుతున్నప్పుడు కూడా నా చూపు రోడ్డు మీదే ఉండేది. ఏ బండి ఆగినా గొట్టం వదిలేసి గేటు దాకా వెళ్ళొచ్చేదాన్ని. బ్లాస్టింగ్ ఈల వినపడితే మాత్రం, అది పేలుడే కదా అని ఊరట కలిగేది.

వాళ్ళు ఒక ఉదయం పూట వచ్చారు. నేను గొట్టంతో క్రోటన్లకి నీళ్ళు పెడుతున్నాను. మా ఆయన చివరన తల్లిమొక్కల దగ్గరున్నాడు. ముందు ఒక పొక్లెయిన్ వచ్చింది. మేం తవ్విన కందకం, నాటిన జెముడు, దొర్లించిన బండలు దానికి లెక్కలోకే రాలేదు. అన్నిటినీ ఒక్క తోపులో పక్కకి నెట్టి లోపలికొచ్చింది. దాని పళ్ళు షేడ్ నెట్ స్తంభానికి తగిలాయి. నెట్ మొత్తం నా మీదకి కూలింది.

నెట్ కింద అంతా పచ్చగా, మసగ్గా ఉంది. పైన మనుషుల కాళ్ళ చప్పుడు, తిట్లు, కుండీలు పగులుతున్న చప్పుడు, కవర్లు చిట్లుతున్న చప్పుడు. ఎవడో నన్ను నెట్ మీంచే తన్నాడు. డొక్కలో తగిలి ఊపిరి ఆడలేదు. పాక్కుంటూ బయటికొచ్చేసరికి మా ఆయన తల్లిమొక్కల ముందు చేతులు చాచి నిలబడి ఉన్నాడు. ఇద్దరు ఆయన్ని పడేశారు. మూడోవాడు ఆయన కుడిచెయ్యి లాగి ఒక బండ మీద పెట్టాడు.

"గీ చెయ్యే గదరా?" అని అడిగాడు ఇనుపరాడ్ పట్టుకున్నవాడు.

సుమో పక్కన నిలబడ్డ మరిది కొడుకు అటు తిరిగాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

రాడ్ రెండుసార్లు పడింది. మా ఆయన మొదటి దెబ్బకి అరిచాడు, రెండో దెబ్బకి అరవలేదు.

నా కాళ్ళ దగ్గర పార ఉంది. దాన్ని తీసుకోవడం నాకు గుర్తులేదు, తిప్పి కొట్టడం గుర్తుంది. రాడ్ పట్టుకున్నవాడి మోకాలి కింద తగిలింది. ఎముక చప్పుడు నా చెవులకంటే ముందు నా చేతులకి తెలిసింది. వాడు కూలబడ్డాడు. నేను మళ్ళీ ఎత్తాను. అప్పుడు ఎవడో వెనకనుంచి నా తలని బోరు పైపుకేసి కొట్టాడు. కళ్ళల్లోకి నెత్తురు కారింది. ఆ ఎర్రటి మసకలోనే పెద్దమ్మ కొడవలితో తెల్ల చొక్కా ఆయన మీదకి వెళ్ళడం చూశాను. చొక్కా చేతి దగ్గర చీలి ఎర్రబడింది. వాళ్ళు ఆవిణ్ణి జుట్టు పట్టుకుని గేటు దాకా ఈడ్చారు. ఆవిడ ఒకడి చెయ్యి కొరికి, వదల్లేదు. వాడు ఆవిడ మొహం మీద గుద్దుతూనే ఉన్నాడు, ఆవిడ పళ్ళు వదల్లేదు.

తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు. పొక్లెయిన్ మాత్రం మధ్యాహ్నం దాకా తన పని చేసుకుంటూనే ఉంది. మా రేకుల గది, బోరు మోటారు, లాన్ పలకలు, అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఇన్నాళ్ళూ రాళ్ళు పడితేనే ఏడ్చినదాన్ని, ఆ రోజు ఏడవలేదు.

దవాఖానలో మా ఆయన మణికట్టు ఎముకలు కలిపి కట్టు వేశారు. చెయ్యి నిలబడుతుంది గానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవని డాక్టరు చెప్పాడు. కత్తి పట్టుకోవచ్చా అని ఆయన అడిగాడు. డాక్టరు ఏం కత్తి అన్నాడు.  నా తలకి కుట్లు పడ్డాయి. పెద్దమ్మకి రెండు పళ్ళు ఊడాయి. నెత్తి మీద జుట్టు ఊడిన చోట చర్మం రేగిపోయి ఉంది. స్టేషనువాళ్ళు వచ్చి రాసుకుపోయారు. ఎవర్నీ పట్టుకోలేదు.

కట్టు వేసిన రోజు నుంచి మా ఆయన ఒకటే మాట. "వాడిని చంపేసి ఊరికెళ్ళిపోదాం." తెల్ల చొక్కా ఆయన సంగతి కాదు, మరిది కొడుకు సంగతి. "నా పక్కన కూర్చుని టీ తాగాడే. నా చెయ్యి సంగతి వాళ్ళకి చెప్పింది వాడే." ఎడమచేత్తో మంచం పట్టెని గుద్దేవాడు. కంచం విసిరేసేవాడు. ఒకసారి ఆ కంచం నా కుట్ల మీదే తగిలింది. నేను కూడా అరిచాను, ఆ వార్డులో అందరూ చూస్తుండగా. "చంపండి! చంపి జైలుకెళ్ళండి! నేను పార తీసుకున్నాను, మీరేం తీసుకుంటారో తీసుకోండి!" 

దవాఖాన వరండాలో కూర్చున్నప్పుడే నాకు ఒక మాట గుర్తొచ్చింది. దాడికి కొన్నాళ్ళ ముందు ఒక ఆఫీసు మేనేజరుకి లోపల పెట్టుకునే మొక్కలు అమ్మబోతే ఆయన వద్దన్నాడు. "ఏసీలో నెల తిరక్కముందే చచ్చిపోతాయమ్మా. చచ్చిన మొక్కలు ఊడ్చిపోయడానికి నాకు ఇంకో మనిషి కావాలి" అన్నాడు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు లోపలికెళ్ళి మా ఆయన పక్కన కూర్చున్నాను.

"అమ్మొద్దండి. అద్దెకిద్దాం. వారం వారం మనమే మార్చేద్దాం. వాడినవి తెచ్చుకుని, కోలుకున్నవి పెడదాం. చావడానికి ముందే మార్చేస్తే వాళ్ళకి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది."

ఆయన కప్పుకేసి చూస్తూ అన్నాడు, "వాడినవి కోలుకోవాలంటే ఎండావానా తగలాలే. నేలేది? ఎక్కడ పెడతావు, నీ నెత్తి మీదా?"

పక్క బల్ల మీద పెద్దమ్మ పడుకుని ఉంది. వాచిన మూతితో మాట సరిగా రావడం లేదు. "నేలెందుకు బిడ్డా? వాకిలి సాలదా?"

మేమిద్దరం ఆవిడకేసి తిరిగాం.

"మా ఊళ్ళె గన్ని ఇండ్లున్నయి. ఎవలింటి ముంగట చూసినా జాగ ఉత్తగనే ఉంది. ఇంటికి పది కుండీలు వెట్టు. నీళ్ళు వాళ్ళే పోస్తరు, నెలకింత చేతుల వెట్టు. ఒక్క జాగయితె పొక్లెయిన్ తెచ్చి తొక్కిండ్రు. ఊరందరి వాకిళ్ళు ఎట్ల తొక్కుతరో చూద్దాం."

 కాసేపటికి మా ఆయన ఎడమచేతి వేలితో దుప్పటి మీద గీతలు గీయడం చూశాను. ఆ రోజు నుంచి ఊరికెళ్ళే మాట ఎత్తలేదు. చంపే మాట మాత్రం అప్పుడప్పుడూ ఎత్తేవాడు.

దవాఖాన నుంచి ఊళ్ళో పెద్దమ్మ ఇంటికే చేరాం. శిథిలాల్లోంచి బతికి ఉన్న పామ్‌లు, మనీప్లాంట్లు, డ్రసీనాలు ఏరుకొచ్చాం. మిగతావి మా ఊరి నుంచి ఆయన తమ్ముడు పంపాడు. పెద్దమ్మ నన్ను వెంటపెట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. వాచిన మొహం చూసి ఎవరూ కాదనలేకపోయారు. నీడ ఉన్న వాకిట్లో డ్రసీనాలు, ఎండ తగిలే మేడ మీద పామ్‌లు, బావి పక్కన ఫెర్న్‌లు. మొదటి ఆఫీసు అప్పుడు వద్దన్న మేనేజరుదే, ఆయన నెల రోజులు చూస్తానన్నాడు. నెల తర్వాత పై అంతస్తులకి కూడా కావాలన్నాడు.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. మేకలు డ్రసీనాలు తిన్నాయని ఒక వాకిటి ఆవిడ పక్కింటి మేక కాలు విరగ్గొట్టింది. మేకగలావిడ వచ్చి ఈవిడ కుండీలన్నీ బోర్లించింది. ఇద్దరూ జుట్లు పట్టుకుని వీధిలో దొర్లారు. విడదీయబోయి నేనూ ఒక దెబ్బ తిన్నాను. మర్నాటి నుంచి మేకలున్న ఇళ్ళకి మొక్కల్ని మేడ మీదే పెట్టాం. మా ప్లాను అలా ప్రతివారం ఏదో ఒక కొట్లాటతో మారుతూ వచ్చింది. ఆఫీసులో ఎవరో కుండీలో టీ పోసి చంపేస్తే, ఆ బల్ల దగ్గర మనీప్లాంటు తీసి టీకి కూడా చావని జాతి పెట్టాం. అంట్లు కట్టడం మానేశాం. ఆ పని ఆయన చేతిది, ఆ చెయ్యి ఇంక చెయ్యలేదు.

పోయిన స్థలం చుట్టూ సిమెంటు ఇటికల గోడ లేచింది. లోపల ఏమీ కట్టలేదు.

ఒక మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో ఆఫీసు నుంచి వాడిన మొక్కలు తెస్తున్నాం. డ్రైవరు పక్కన మా ఆయన, వెనక మొక్కల మధ్య నేను, పెద్దమ్మ. ఆ గోడ దగ్గర జనం గుమిగూడారు. పెద్దమ్మ ఆటో ఆపమంది. దిగి చూస్తే గేటు ముందు మట్టిలో మరిది కొడుకు పడి ఉన్నాడు. మెడలో గొలుసు లేదు. ఒక కన్ను ఉండాల్సిన చోట నెత్తుటి ముద్ద. కాలు వంకరగా తిరిగి ఉంది. తన వాటా డబ్బు అడగబోతే తెల్ల చొక్కా ఆయన మనుషులే కొట్టి బయట పడేశారని జనం చెప్పారు. అంత జనంలో ఎవరూ వాణ్ణి ముట్టుకోవడం లేదు.

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు నిలబడింది. తర్వాత, "ఎక్కియ్యండ్రి" అంది.

"నేను ముట్టుకోను" అన్నాడు మా ఆయన. ముందు సీట్లోంచి దిగలేదు.

"నిన్ను ముట్టుకొమ్మనలే బిడ్డా. నువ్వు గట్లనే కూసో."

డ్రైవరు, నేను వాణ్ణి ఎత్తి మొక్కల మధ్య పడుకోబెట్టాం. ఎత్తుతున్నప్పుడు వాడు "అక్కా" అన్నాడు. నేను వాణ్ణి దాదాపు వదిలేయబోయాను. పెద్దమ్మ వాడి తలని ఒళ్ళో పెట్టుకుంది. ఆటో గుంతల్లో పడ్డప్పుడల్లా డ్రసీనా ఆకులు వాడి నెత్తుటికి అంటుకుని ఊడేవి. వాడి కన్ను మూతపడబోతే ఆవిడ చెంప మీద ఛెళ్ళున కొట్టేది. మళ్ళీ మూతపడితే మళ్ళీ కొట్టేది. దారి పొడుగునా కొడుతూనే ఉంది.

"నిద్రవోకురా! నా జుట్టు వట్టి గుంజుతుంటె చూసుకుంట నిలవడ్డవ్, ఇప్పుడు సస్తవా? నువ్వు సస్తె నేనెవల్ని తిట్టాలె? చెప్పు, ఎవల్ని తిట్టాలె?"

దవాఖానలో దించాక ఆవిడ అరచేతులు వాచిపోయి ఉన్నాయి. వాడు బతికాడు. ఆ కన్ను మాత్రం పోయింది. కాలు సర్దుకున్నాక అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు. మా వైపు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు సాయంత్రం మా ఆయన బావి దగ్గర ఆకుల మీది నెత్తురు కడుగుతుంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చంపే మాట ఆయన నోట మళ్ళీ వినలేదు. 

తర్వాతి చలికాలంలో తెల్ల చొక్కా ఆయన స్వయంగా మా వీధికి వచ్చాడు. సుమో కాదు, కొత్త కారు. పెద్దమ్మ వాకిట్లో నేను కుండీలకి మట్టి మారుస్తున్నాను. మా ఆయన ఎడమచేత్తో కొలిచి ఎరువు వేస్తున్నాడు. తెల్ల చొక్కా ఆయన లోపలికొచ్చి, చుట్టూ చూసి, ఏమీ జరగనట్టే మాట్లాడాడు.

"మాదాపూర్‌ల ఆఫీసు ఓపెన్ జేస్తున్నం అమ్మా. అద్దాలది, ఏసీ. మంచి మొక్కలు వెట్టాలె. అందరు మీ పేరే చెప్తుండ్రు. అయిపోయిన పంచాయితి మనసుల వెట్టుకోవద్దు. యాపారమన్నంక యాపారమే."

నేను మా ఆయన వైపు చూశాను. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఇచ్చేస్తే పోదా అనిపించింది. ఇవ్వకపోతే ఏం చేస్తాడో మాకు తెలుసు. మా ఆయన లేచి నిలబడ్డాడు. కుడిచేతిని వెనక దాచుకోలేదు, ముందుకే పెట్టుకున్నాడు.

"మీకివ్వనండి."

"ఎందుకయ్యా? డబుల్ తీసుకో."

"ఇవ్వనండి. వెళ్ళండి."

ఆయన మర్యాద అంతటితో అయిపోయింది. నా ముందున్న పామ్ కుండీని బూటుకాలితో తన్నాడు. అది పగిలి, వేళ్ళు బయటపడ్డాయి. "ఒక చెయ్యి మిగిలింది గదా, ఇగ దాని సంగతి చూసుకో" అన్నాడు. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. పక్క వాకిళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఒకరి చేతిలో రోకలి, ఒకరి చేతిలో చీపురు. కొందరి చేతుల్లో ఏమీ లేవు.  ఆయన ఆ వీధి పొడవునా వాకిలి వాకిలికీ ఉన్న కుండీల్ని చూసుకుంటూ కారు దాకా నడిచి వెళ్ళాడు.

ఆ తర్వాత చాలా వారాలు మేం నిద్రపోయింది తక్కువ. మా ఆయన పనిలో కూడా గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. పెద్దమ్మ కొడవలికి పదును పెట్టించింది. ట్రాలీని రోజుకో దారిన పోనిచ్చాం. ఎప్పుడూ శుక్రవారమే మొక్కలు మార్చేవాళ్ళం, ఆ రోజుని కూడా వారం వారం మార్చాం. ఆఫీసులవాళ్ళు చిరాకుపడినా కారణం చెప్పలేదు.

ఎవరూ రాలేదు. చివరికి వార్త వచ్చింది. నానక్‌రామ్‌గూడ వైపు ఇంకో స్థలం గొడవలో, పట్టపగలు, తెల్ల చొక్కా ఆయన కారులోంచి దిగుతుంటే నరికేశారట. మా ట్రాలీ డ్రైవరు వచ్చి చెప్పాడు. ఎక్కడెక్కడ నరికారో కూడా చెప్పబోతే నేను వద్దన్నాను. నాకు జాలి కలగలేదు. అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. పెద్దమ్మ విని, "దినాలు చెయ్యనీకన్న ఎవలన్న ఉన్నరో లేరో" అని లోపలికెళ్ళిపోయింది.

మా ఆయన మేడ మీద ఉన్నాడు. నేను వెళ్ళి చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపి, మెట్ల మీద కూర్చుని, కొండల్ని తోడేసిన వైపు చూశాడు.

"అయితే ఇంక ఈ వారం నుంచి మళ్ళీ శుక్రవారాలే పెట్టుకుందామా?" అని అడిగాను.

"శుక్రవారమే చెప్పు అందరికీ" అన్నాడు. "ట్రాలీ కూడా మెయిన్ రోడ్డు మీదే పోనీ. చుట్టు తిరిగితే మొక్కలు ఎండకి మాడుతున్నాయి."